హికరీ విల్లు: ఆరబెట్టడం, నునుపు చేయడం, పూత వేయడం – ఏది ముందు?

కొత్తనారి:
అతుకులు లేకుండా ఒకే హికరీ (ఒక రకం గట్టి చెక్క) పలకలోంచి తీసిన విల్లు ఇది. పొడవు 68 అంగుళాలు, రెక్కలు పిడి దగ్గర ఒకటిన్నర అంగుళం వెడల్పు, కొసల్లో అరంగుళం. రెండు రెక్కలూ సమంగానే వంగుతున్నాయి. 28 అంగుళాలు లాగితే 50 పౌండ్లు చూపిస్తోంది, నాకు 45 చాలు. ఒక్కటే అనుమానం: నారి దింపగానే కొసలు ఒకటిన్నర అంగుళం పొట్టవైపుకే (లాగేవాడి వైపుకే) వంగి ఉంటున్నాయి. గంటసేపు వదిలేస్తే సగం వెనక్కి వస్తోంది. పొట్టమీద ఆకురాయి గీతలు ఇంకా పోలేదు. ఆ ఐదు పౌండ్లూ సాండ్‌పేపర్‌తోనే తగ్గించి, ఉడికించిన అవిసె నూనె పట్టించేస్తే సరిపోతుందా? కాస్త ముదురు రంగు కూడా కావాలి.

ఈనెవాటం:
సాండ్‌పేపర్ పక్కన పెట్టండి. మీరు చెప్పిన వంపు చూస్తే చెక్కలో తేమ ఇంకా ఉన్నట్టే. హికరీ సాగుడుకి మొండిగా తట్టుకుంటుంది, అందుకే వీపు (లక్ష్యం వైపు ఉండే ముఖం) అంత తేలిగ్గా విరగదు. కానీ తేమ ఉంటే పొట్టవైపు పీచు నలిగిపోయి, ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. నలిగినది ఆరబెట్టినా పూర్తిగా తిరిగిరాదు కాబట్టి ఇకమీదట ఒక్కసారి కూడా పూర్తిగా లాగకండి.

హికరీ విల్లుకి 6 నుంచి 8 శాతం తేమ మంచిది. మీటర్ లేకపోయినా కనుక్కోవచ్చు. అదే పలకలో మిగిలిన ముక్కని, విల్లు పెట్టినచోటే ఉంచినదాన్ని, తూచి 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 100 గ్రాముల ముక్క 90కి దిగితే 10ని 90తో భాగించాలి: 11 శాతం. అది ఎక్కువే. గాలిలో తేమ 50 శాతం ఉన్న గదిలో చెక్క దాదాపు 9 దగ్గర ఆగుతుంది, 70 శాతం ఉంటే 13 దాకా పోతుంది. అంటే మామూలు గదిలో ఎన్నాళ్లు ఉంచినా చాలకపోవచ్చు.

విల్లు పట్టేంత పొడుగు పెట్టె చేసి, అడుగున వేడెక్కే రకం బల్బు ఒకటి, పైన గాలి పోవడానికి రెండు కన్నాలు పెట్టండి. లోపల 32–38 డిగ్రీలు చాలు. విల్లుని బల్బుకి దూరంగా వేలాడదీసి రోజూ గ్రాముల్లో తూచండి. రెండుమూడు రోజులు వరసగా ఒకే బరువు వచ్చిందంటే అక్కడికి ఆరినట్టు. పచ్చి దుంగని మాత్రం ఇలా పెట్టకూడదు, నెర్రెలిస్తుంది.

ఆరాక చెక్క బిగుసుకుని లాగుడు బరువు పెరుగుతుంది. ఇప్పటి 50 నమ్మి తగ్గిస్తే లెక్క తప్పుతుంది.

మొండితోపడా:
పై మాటే నాదీ. పెట్టెలోంచి తీశాక పొట్టని కాల్చే పని కూడా చేయండి, హికరీకి అది బాగా పనిచేస్తుంది. విల్లుని వంపు సరిదిద్దినట్టుగా ఒక దిమ్మెకి క్లాంపులతో బిగించి, హీట్‌గన్‌ని నాలుగు అంగుళాల ఎత్తున మెల్లగా నడపాలి. టైము కాదు, రంగు చూడండి: తేనెరంగు దాటి కాఫీ రంగు వస్తే చాలు, నల్లబడితే అది బొగ్గు. వీపుకి వేడి తగలకూడదు. తగిలితే పెళుసుబారి విరుగుతుంది. కాల్చిన వెంటనే వంచొద్దు. చెక్క మరీ ఎండిపోయి ఉంటుంది, వారం వదిలేస్తే కావలసిన తేమ తనే తీసుకుంటుంది. ఆ తర్వాతే తుది సవరింపు.

గీతల సంగతి. పొట్టమీద అడ్డంగా పడిన ఆకురాయి గీత ప్రమాదం, నలుగుడు గీత (పీచు నలిగి పడే అడ్డగీత) సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వాటిని సాండ్‌పేపర్‌తో తీయబోతే చుట్టూ మెత్తటి చెక్క అరిగి గుంట పడుతుంది, గీత అడుగున ఉండనే ఉంటుంది. స్క్రేపర్‌తో (చెక్కని పల్చగా గీకే ఉక్కు రేకుతో) నిలువునా గీకండి. లాంతరు వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెడితే మిగిలినవన్నీ నీడలుగా బయటపడతాయి. 47 పౌండ్ల దగ్గర స్క్రేపర్ ఆపేయండి, మిగతా ఒకటిరెండు పౌండ్లు నునుపు చేయడంలోనే పోతాయి.

సాండ్‌పేపర్ 120, 180, 220 వరసలో, ఎప్పుడూ ఈనె (చెక్క పీచు వాటం) వెంట. వీపు అంచులు మూడు మిల్లీమీటర్ల గుండ్రం తీసుకోవాలి, పదునుగా వదిలిన అంచునుంచే పేడు లేస్తుంది. 220 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పడుకున్న పీచు లేస్తుంది. ఆరనిచ్చి అదే కాగితంతో తేలిగ్గా రెండు చేతులు తిప్పి, విల్లుని మళ్లీ ఒకరోజు పెట్టెలో ఉంచండి.

కొత్తనారి:
తేమ అంత ముఖ్యమైతే నూనె దాన్ని ఆపుతుందా? ఇనుప పీచు వెనిగర్‌లో నానబెట్టి రంగు వేయమని కొందరంటారు, అదెలా ఉంటుంది?

లక్కపూత:
అవిసె నూనె నీటిచుక్కని కాసేపు ఆపుతుంది, గాలిలోని ఆవిరిని దాదాపు ఆపదు. షెల్లాక్ (లక్కతో చేసే పూత) దీనికి తిరగబడిన సరుకు: ఆవిరిని బాగా అడ్డుకుంటుంది, నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది. అందుకే రెండు పొరలు. లీటరు స్పిరిట్‌కి 120 గ్రాముల మైనం తీసిన షెల్లాక్ కరిగించి, గుడ్డతో పల్చగా ఐదారు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య గంట. హికరీ రంధ్రాలు పెద్దవి, మొదటి రెండు కోట్లు కనబడకుండా పోతాయి, కంగారు పడొద్దు. పైన పల్చటి పాలీయురేథేన్ (ఒక రకం వార్నిష్) రెండు కోట్లు. షెల్లాక్‌లో మైనం ఉంటే ఇది అంటుకోక పొరలుగా ఊడిపోతుంది.

కొసల్లో అడ్డచెక్క బయటపడేచోటా, నారి గాడుల్లోనూ రెండు కోట్లు ఎక్కువ వేయండి. పిడికి తోలు చుట్టే భాగాన్ని కూడా ముందే పూసేయాలి, అంటించే జిగురులో నీళ్లుంటాయి.

వెనిగర్ రంగు వద్దంటాను. హికరీలో ఓక్‌లో ఉన్నంత టానిన్ ఉండదు, ముందు చిక్కటి టీ డికాక్షన్ పూయాలి, చివర ఆమ్లం పోవడానికి వంటసోడా నీళ్లతో కడగాలి. ఆరబెట్టిన చెక్కని మూడుసార్లు తడపడమే అది! స్పిరిట్‌లో కరిగే తోలు రంగు వాడండి, పీచు లేవదు.

నూనెచెయ్యి:
పాలీ మీద గీత పడితే బాగుచేయడం తలనొప్పి. షెల్లాక్ మీద నూనె, వార్నిష్ కలిపిన మిశ్రమం పల్చగా మూడు కోట్లు వేసినా సరిపోతుంది. అరిగినచోట మళ్లీ రుద్దుకోవచ్చు. నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్లున్న డబ్బాలో మూతపెట్టాలి.

ఈనెవాటం:
ఏ పూతైనా తేమని ఆలస్యం చేస్తుందంతే, ఆపదు. పూతకి ముందు వంద బాణాలైనా వేసి చూడండి. వంపు మారితే పూత గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. పూత వాసన పూర్తిగా పోయాకే నారి ఎక్కించండి. తర్వాత కూడా నెలకోసారి తూస్తుంటే, బరువు పెరిగినప్పుడల్లా పెట్టెలో పెట్టుకోవచ్చు.