చోన్ (ఫైళ్ల ఓనర్ మార్చే కమాండ్) తప్పు పడి /వార్ ఫోల్డర్ మొత్తం అపాచీ (వెబ్ సర్వర్) పేరు మీదికి పోయింది, ఎట్ల సరిచేయాలె?

హన్మకొండ_ల్యాబ్:
కాలేజీ సర్వర్, రాకీ లైనక్స్ 8. మా కొత్త టెక్నీషియన్ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ల ఉండి 'చోన్ -ఆర్ అపాచీ:అపాచీ .*' కొట్టిండు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లకే పడుతది అనుకున్నడు. ఇప్పుడు /వార్ అంతా అపాచీదే. కొత్త ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లకు పోయే) లాగిన్ పడతలేదు, మరియాడీబీ డేటాబేస్ రీస్టార్ట్ అయితలేదు. రూట్ (అన్ని హక్కులున్న అడ్మిన్) సెషన్ ఒకటి తెరిచే ఉంది. రీఇన్‌స్టాల్ తప్పదా అన్నా?

కాజీపేట_రూట్:
అక్కర్లేదు. ఆ సెషన్ మాత్రం మూయకు, రీబూట్ అసలే వద్దు. బ్యాష్ (మనం కొట్టే కమాండ్లు చదివే ప్రోగ్రాం) 4.4 ల '.*' కింద '..' (పై ఫోల్డర్) కూడా వస్తది, అందుకే ఒక మెట్టు పైకెక్కింది. దాచిన ఫైళ్లు కావాలంటే ఒట్టి '.' (ఉన్న ఫోల్డర్) ఇస్తే చాలు.

ముందు లాగిన్ చూసుకో. /వార్/ఎంప్టీ/ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఓనర్ రూట్ కాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వచ్చిన ప్రతి కొత్త కనెక్షన్‌నూ తెంపేస్తది. దాన్ని రూట్:రూట్ చేసి, వేరే టెర్మినల్ నుంచి లాగిన్ అయ్యాకనే ముందుకు పో.

తర్వాత 'ఆర్‌పీఎం -వీఏ' (వీ క్యాపిటల్). ఆర్‌పీఎం అంటే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి వాటి ఫైళ్ల లెక్క పెట్టుకునే ప్రోగ్రాం. వరుసల ఆరో అక్షరం యూ ఉంటే ఓనర్, ఏడోది జీ ఉంటే గ్రూప్ మారినట్టు. ఓనర్, గ్రూప్ మొదటికి తెచ్చే 'ఆర్‌పీఎం --సెట్‌యూజీఐడీస్ -ఏ' నడిపి, అది అయిపోయినంక వేరుగా మోడ్‌లు (ఫైల్ అనుమతులు) మొదటికి తెచ్చే 'ఆర్‌పీఎం --సెట్‌పర్మ్స్ -ఏ'. ఈ వరుస తిప్పితే సుడో (రూట్ హక్కుతో కమాండ్ నడిపేది) పోతది: చోన్ పడ్డ ప్రోగ్రాం ఫైల్‌కు కర్నల్ సెట్‌యూఐడీ బిట్ (ఓనర్ హక్కుతో నడవనిచ్చే గుర్తు) తీసేస్తది, ఓనర్ పాతదే అయినా సరే. కేపబిలిటీలూ (ప్రోగ్రాంకు విడిగా ఇచ్చే రూట్ హక్కులు) అట్లనే ఎగిరిపోతయి. పింగ్ మొరాయిస్తే ఐపీయుటిల్స్ ప్యాకేజీ రీఇన్‌స్టాల్ చేయి. మీరు చేత్తో మార్చుకున్న మోడ్‌లు కూడా మొదటికొస్తయి, అవి రాసిపెట్టుకో.

వరంగల్_డీబీఏ:
సర్వర్ నడుస్తుంటే పుట్టిన ఫైళ్ల సంగతి ఆర్‌పీఎంకు తెల్వది, తిప్పలంతా అక్కడే. మరియాడీబీ ఆపి /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ మొత్తం మైఎస్‌క్యూఎల్:మైఎస్‌క్యూఎల్ చేయండి, /వార్/లాగ్/మరియాడీబీ మరువకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఉంటే /వార్/లిబ్/పీజీఎస్‌క్యూఎల్ పోస్ట్‌గ్రెస్ పేరు మీదికి. /వార్/స్పూల్/క్రాన్, /వార్/స్పూల్/మెయిల్ సులువు: ఫైల్ పేరే యూజర్ పేరు. మెయిల్‌కు గ్రూప్ మెయిల్. క్రాన్ (టైం పెట్టి పనులు నడిపేది) ఫైల్ ఓనర్ తప్పుంటే జాబ్ నడవదు, లాగ్‌ల 'రాంగ్ ఫైల్ ఓనర్' అని పడుతది, అంతే. ఎవరూ చూడరు.

చివరికి 'ఫైండ్ /వార్ -ఎక్స్‌డెవ్ -యూజర్ అపాచీ' కొట్టండి, ఇంకా అపాచీ పేరు మీద ఉన్నవి చూపుతది. వెబ్ ఫోల్డర్, /వార్/క్యాష్/హెచ్‌టీటీపీడీ, /వార్/లిబ్/హెచ్‌టీటీపీడీ తప్ప ఇంకేది కనిపించినా అనుమానించాల్సిందే. అసలు సైట్ అంతా అపాచీ పేరు మీద ఎందుకు? అప్‌లోడ్ ఫోల్డర్ ఒక్కటి చాలు.

హన్మకొండ_ల్యాబ్:
లాగిన్, డేటాబేస్ రెండూ లేచినయి. రిస్టోర్‌కాన్ (ఎస్‌ఈలైనక్స్ అనే భద్రత వ్యవస్థ లేబుళ్లు సరిచేసే కమాండ్) కూడా నడపాల్నా? /వార్/రన్ సంగతి?

కాజీపేట_రూట్:
వద్దు, చోన్ ఎస్‌ఈలైనక్స్ లేబుల్ ముట్టదు. /వార్/రన్ ఒట్టి సింలింక్ (/రన్‌కు దారి చూపేది), -ఆర్ దాని వెంట పోదు, /రన్ క్షేమం. అంతా కుదిరినంక ఓనర్, మోడ్ వివరాలు రాసిచ్చే 'గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్ -పీ /వార్' అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌ల పెట్టి రోజూ క్రాన్‌ల వేయి. మళ్లా ఇట్లయితే 'సెట్‌ఎఫ్‌ఏసీఎల్ --రిస్టోర్' ఓనర్, గ్రూప్, మోడ్ మూడూ తెస్తది. ఉబుంటు సర్వర్లకైతే ఇది తప్పనిసరి, డీపీకేజీ (ఉబుంటు ప్యాకేజీ ప్రోగ్రాం) డేటాబేస్‌ల ఓనర్ వివరం ఉండదు.