‘లేదు’, ‘కాదు’, ‘ఖాళీ’: జావా ఫారంలో ఏ మాట ఎక్కడ? (ఒడిశాలోని మూడు ఊళ్ల నుంచి ముగ్గురి సంభాషణ)

పర్లాకిమిడి: చెక్‌బాక్స్, టెక్స్ట్ ఫీల్డ్ విలువల బైండింగ్ (ఫారం గడిలోని విలువని జావా ఆబ్జెక్టు ప్రాపర్టీకి చేర్చడం) మీద తెలుగు పాఠం తయారవుతోంది. నల్ (విలువే లేకపోవడం), ఫాల్స్ (అబద్ధం), ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలు లేని పాఠ్యం) మూడింటికీ ‘శూన్యం’ అంటే సరిపోతుందాండీ?

బరంపురం: సరిపోదు. టెక్స్ట్ గడిలో ఏమీ రాయకపోయినా బ్రౌజరు దాని పేరు పంపుతుంది, సర్వరులో ఫారం విలువని చదివే గెట్‌పారామీటర్‌ మెథడ్‌కి ఖాళీ స్ట్రింగ్ దొరుకుతుంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్ పేరే రాదు, నల్ దొరుకుతుంది. మొదటిది ‘ఖాళీ’, రెండోది ‘లేదు’. మనకి కావలసిన ఫాల్స్ మాత్రం ‘కాదు’.

రాయగడ: బాగుంది. ఒడియాలోనూ ‘నాహిఁ’ వేరు, ‘నుహేఁ’ వేరు. హిందీలో చెప్పబోతేనే రెండూ ‘నహీఁ’లో కలిసిపోతాయి. మన పిల్లలకి ఈ తేడా నోట్లోనే ఉంది.

పర్లాకిమిడి: మరి ‘లేదు’ని ‘కాదు’ చేసేదెవరు?

బరంపురం: స్ప్రింగ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోని ఫారం ట్యాగుతో చెక్‌బాక్స్ వేస్తే, అదే పేరు ముందు అండర్‌స్కోర్ తగిలించిన హిడెన్ ఫీల్డ్ (తెర మీద కనపడని గడి) ఒకటి పక్కనే పడుతుంది. ఈ గుర్తు వచ్చి అసలు పేరు రాకపోతే బైండరు (బైండింగ్ చేసే స్ప్రింగ్ భాగం) ఫాల్స్ పెడుతుంది. చేత్తో హెచ్‌టీఎంఎల్ రాసేవాళ్లు దీన్నే మరిచిపోతారు. అప్పుడు ఎడిట్ ఫారంలో టిక్ తీసి సేవ్ చేసినా, డేటాబేసు నుంచి తెచ్చిన ఆబ్జెక్టులో పాత ట్రూ అలాగే ఉండిపోతుంది. స్ట్రట్స్ 1 అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఈ పని రీసెట్ మెథడ్‌లో మనమే చేసుకోవాలి.

ఇంకోటి: చెక్‌బాక్స్‌కి వాల్యూ ఇవ్వకపోతే ‘ఆన్’ అని వస్తుంది. స్ప్రింగ్ దాన్ని ట్రూ అనుకుంటుంది. అదే జావాలోని Boolean.parseBoolean మెథడ్‌కి ఇస్తే ఫాల్స్ అంటుంది!

రాయగడ: టెక్స్ట్ గడిలో తిరకాసు వేరు. విలువని తనిఖీ చేసే గుర్తుల్లో నాట్‌నల్ (@NotNull) ఒక్కటే పెడితే ఖాళీ స్ట్రింగ్ దర్జాగా దాటిపోతుంది. నాట్‌బ్లాంక్ (@NotBlank) పెట్టండి. ‘ఖాళీ’ని ‘లేదు’ చెయ్యాలంటే బైండరుని సిద్ధం చేసే ఇనిట్‌బైండర్ (@InitBinder) మెథడ్‌లో స్ట్రింగ్‌ట్రిమ్మర్‌ఎడిటర్ (StringTrimmerEditor) అనే క్లాసుని ట్రూ ఇచ్చి రిజిస్టర్ చెయ్యాలి.

పర్లాకిమిడి: బైండింగ్‌కి ‘బంధనం’ అని రాశాం.

బరంపురం: బంధనమంటే చెరసాల గుర్తొస్తుంది. ‘ముడి’ అనండి. గడి పేరూ ప్రాపర్టీ పేరూ ఒక్క అక్షరం తేడా ఉన్నా ముడి పడదు. మామూలు సెట్టింగుల్లో స్ప్రింగ్ తప్పు కూడా చూపించదు, ఊరుకుంటుంది.

పర్లాకిమిడి: డిసేబుల్ చేసిన (పనిచెయ్యకుండా ఆపేసిన) టెక్స్ట్ గడి సంగతి?

రాయగడ: అది ‘లేదు’ లెక్కే. పేరు కూడా పంపదు. రీడోన్లీ (చదవడానికే, మార్చడానికి వీల్లేని గడి) అయితే విలువతో సహా వస్తుంది.