ల్యాబ్ రికార్డును ఇంగ్లీషులో సొంతంగా రాయించడం ఎలా?

ప్రశ్న (మెకానికల్ అధ్యాపకుడు):
మా కళాశాలలో రెండో సంవత్సరం వారికి ల్యాబ్ చెబుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు వైవాలో (మౌఖిక పరీక్షలో) విషయాన్ని చక్కగా వివరిస్తారు గానీ, రికార్డులో మాత్రం సీనియర్లు రాసినదాన్నే పొల్లుపోకుండా దించేస్తారు. సొంతంగా రాయించడం ఎక్కడ మొదలుపెట్టాలో సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ఇంగ్లీషు అధ్యాపకురాలు):
వ్యాకరణంతో మొదలుపెట్టకండి. తెలుగులో ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్స్ లేవు, క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. కాబట్టి ఆ తప్పులు కొంతకాలం ఉంటాయి, ఉండనివ్వండి. నేను ఒక్క గ్రాఫు ఇచ్చి, అది ఏం చూపుతోందో మూడు వాక్యాల్లో రాయమంటాను. స్టీలు కడ్డీ టెన్సైల్ టెస్టు (కడ్డీని లాగి చూసే పరీక్ష) గ్రాఫు కింద ఒక కుర్రాడు ‘ది గ్రాఫ్ ఈజ్ ఇంక్రీజింగ్’ అని రాశాడు. పెరిగింది గ్రాఫా, స్ట్రెస్సా (ప్రమాణ వైశాల్యంపై పడే బలమా) అని అడిగితే కాసేపు ఆలోచించి, ‘స్ట్రెస్ ఇంక్రీజెస్ లీనియర్లీ విత్ స్ట్రెయిన్ అప్ టు ది ప్రపోర్షనల్ లిమిట్’ (ఒక హద్దు వరకు స్ట్రెయిన్‌కు, అంటే కడ్డీ సాగిన నిష్పత్తికి, అనుపాతంలో స్ట్రెస్ పెరుగుతుంది) అని తానే దిద్దుకున్నాడు.

జవాబు 2 (పూర్వ విద్యార్థి):
నా రికార్డును ఎర్రసిరాతో నింపి ఇచ్చిన రోజు నుంచి చాలాకాలం నాకు సొంత వాక్యం రాయబుద్ధి కాలేదు. చిత్తుప్రతిలో రెండు రకాల తప్పులనే గుర్తించి, తిరగరాతకు మార్కులు కేటాయించండి.

ప్రశ్నించినవారు:
అరవై రికార్డులు వారంవారం దిద్దడం నావల్ల కాదు గనుక, బ్యాచికి ఒక్క గ్రాఫుతో మొదలుపెడతాను. మార్కుల సంగతి విభాగాధిపతి ఒప్పుకోవాలి, అది వేరే కథ.