బీవర్ వేటగాళ్ల చేతిలో ఉన్నది నిజంగా హాకెన్ రైఫిలేనా?

అడవిబాట:
తోళ్ల కోసం బీవర్ అనే నీటి జంతువును పట్టే రాకీ పర్వతాల వేటగాడంటే చేతిలో హాకెన్ ఉండాల్సిందే అనిపిస్తుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేకబ్ హాకెన్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు చేసిన ఆ బరువైన రైఫిల్‌కు అంత పేరు న్యాయంగానే వచ్చిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాతలెక్కలు:
నేను ఒప్పుకోనండీ. కొండల్లో ఏటా జరిగే తోళ్ల సంతలు 1825లో మొదలై 1840తో ఆగిపోయాయి. ఆ పదిహేనేళ్లలో హాకెన్లది చిన్న దుకాణం, ఖరీదైన చేతిపని. తోళ్ల కంపెనీకి కావలసింది చవగ్గా, ఒకే నమూనాలో, పెద్ద ఎత్తున వచ్చే సరుకు. అందుకే తోళ్ల వ్యాపారి జాన్ జేకబ్ ఆస్టర్ స్థాపించిన అమెరికన్ ఫర్ కంపెనీ 1826 నుంచి పెన్సిల్వేనియాలో నజరెత్ దగ్గర తుపాకులు చేసే హెన్రీ కుటుంబానికి ఆర్డర్లు ఇచ్చింది. ఎక్కువమంది మోసింది చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే ఆ పొడవాటి రైఫిళ్లనే. క్యాప్‌లతో, అంటే దెబ్బ తగిలితే అంటుకునే మందు ఉన్న చిన్న లోహపు మూతలతో, పేలే తుపాకులు వచ్చాక కూడా చాలామంది చెకుముకిని వదల్లేదు. కొండల్లో క్యాప్‌లు అయిపోతే తుపాకీ కర్రతో సమానం. చెకుముకి రాయి అరిగిపోతే ఇంకోటి వెతుక్కోవచ్చు.

అడవిబాట:
మరి పేరుమోసిన కొండ వేటగాళ్లు కిట్ కార్సన్, జిమ్ బ్రిడ్జర్‌ల హాకెన్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి కదా అన్నా?

పాతలెక్కలు:
ఉన్నాయి. వాటి గొట్టాల మీద ముద్ర చూడండి: ‘ఎస్. హాకెన్’. 1849లో జేకబ్ కలరాతో పోయాక శామ్యూల్ ఒక్కడే నడిపిన దుకాణం ముద్ర అది. అప్పటికి బీవర్ బొచ్చుతో చేసే టోపీల గిరాకీ పడిపోయి, పట్టు టోపీలు వచ్చేశాయి. హాకెన్ గొప్ప తుపాకీయే, అడవిదున్నను పడగొట్టే గుండు దానిది. కానీ బీవర్ కాలానికి దాన్ని ప్రతీకగా పెడితే హెన్రీ పనివాళ్లకు అన్యాయం చేసినట్టే.

మిసోరిగట్టు:
మీరిద్దరూ కంపెనీ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. తోళ్లు తెచ్చిన స్థానిక తెగలవాళ్లు ఎక్కువగా కొన్నది అసలు రైఫిలే కాదు, లోపల గాడుల్లేని నార్త్‌వెస్ట్ గన్. తేలిక, చవక. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడియం చేతి తొడుగుతోనే వేలు పట్టేంత పెద్దది. తుపాకీని పేల్చే యంత్రానికి (లాక్‌కు) అవతలి పక్క పాము ఆకారంలో ఇత్తడి పలక. అది లేకపోతే నకిలీ అని తిప్పికొట్టేవారు. బర్మింగ్‌హామ్, లండన్ పనివాళ్లు ఆ పాము లేకుండా సరుకు పంపలేకపోయారు. ఏ తుపాకీ రావాలో తేల్చింది ఆ కొనుగోలుదార్లే. చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టండి.