పాత వీక్లీ బౌండ్లలో కార్టూన్లు, కొన్ని ఒరిజినల్ బొమ్మలు: కత్తిరించాలా, ఉంచాలా?

గంటస్తంభం (విజయనగరం)
అటక మీంచి దిగిన సరుకు ఇది. సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బౌండ్లు పదకొండు; వాటి వెనక పేజీల్లో, కథ అయిపోయిన చోట మిగిలిన జాగాల్లో బోలెడు కార్టూన్లు. ఇంగ్లీషు ఇలస్ట్రేటెడ్ వీక్లీలోంచి తీసిన ఫాంటమ్ కామిక్ పేజీలు ఒక కట్ట. విడిగా ఐవరీ బోర్డు మీద నల్ల సిరా కార్టూన్లు నాలుగు. అట్టకి అంటించిన రంగుల బొమ్మ ఒకటి, కింద వ.పా. అని ఉంది.
అడిగేవి ఇవీ: కార్టూన్లు కత్తిరించి ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చా? తేదీలు లేని పేజీలకి ఏడాది ఎలా కట్టాలి? బోర్డు బొమ్మలు చేత్తో వేసినవేనా? వానలు మొదలయ్యే లోపు ఇవన్నీ ఎక్కడ సర్దాలి?

బౌండుబాబాయ్ (బొబ్బిలి)
ముందు కత్తెర పక్కన పెట్టండి మాష్టారూ. కార్టూన్ కత్తిరిస్తే వెనక పేజీ పోతుంది, తేదీ కట్టే ఆధారాలన్నీ ఉండేది అక్కడే. చుట్టూ ఉన్న అంచు పోతే ఏ కాలమ్‌లో, ఎంత సైజులో వేశారో కూడా తెలీదు. అచ్చు కార్టూన్‌కి విలువ పేజీతోనే.

బౌండు విప్పొచ్చా లేదా అన్నది కాగితం చెబుతుంది. ఖాళీ అంచు మూలని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి మడవండి. విరిగి ఊడొస్తే ఆ బౌండు విప్పకండి. 90 డిగ్రీలకి మించి తెరవకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టి ఫొటోలు తీసుకోవడమే. మడత తట్టుకుంటే విప్పొచ్చు. ఇళ్లలో కుట్టించినవన్నీ దాదాపు పక్క కుట్టే, అంటే పేజీల పక్కనుంచి మూడు నాలుగు బెజ్జాలు పొడిచి దారం లాగినవి. ఆ కుట్టు అర అంగుళం లోపలి అంచు మింగేస్తుంది, ఎడమ చివర మాటలు కనపడనిది అందుకే. దారాన్ని ప్రతి బెజ్జం దగ్గరా తెంచి ముక్కలుగా తియ్యాలి. ఒక కొసన పట్టుకుని లాగితే బెజ్జం నుంచి బెజ్జానికి చీరుకుపోతుంది. వీక్లీ వాళ్లు కొట్టిన పిన్ను తుప్పు పట్టి ఉంటే కాళ్లు వెనక నుంచి నిటారుగా ఎత్తి, ముందు నుంచి తియ్యండి.

విప్పిన వెంటనే పెన్సిల్‌తో (2బి చాలు, పెన్ను వద్దు) ప్రతి పేజీ కింద మూల బౌండు నంబరు, పేజీ వరస వేసుకోండి. ఇది వదిలేస్తే తర్వాత కూర్చడం అయ్యే పని కాదు.

రాజాం_చిన్నోడు
అమెరికాలో బిల్ బ్లాక్‌బియర్డ్ అని ఒకాయన లక్షల స్ట్రిప్పులు కత్తిరించే దాచాడంట కదండీ. మరది తప్పవలేదా?

పాతకాయితం (శ్రీకాకుళం)
ఆయన మొదలుపెట్టింది 1967లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. మైక్రోఫిల్మ్ తీశాక లైబ్రరీలు బయట పారేస్తున్న పేపర్ల బౌండు వాల్యూములు తెచ్చుకున్నాడు. వాల్యూము మీద తేదీ ఉంటుంది కాబట్టి ఏ స్ట్రిప్పు ఏ రోజుదో తెలిసే కత్తిరించి వరసగా పేర్చాడు. చివరికి 75 టన్నుల దాకా తూగిన ఆ సేకరణ ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లింది. మన దగ్గర ఉన్నది తేదీ లేని చింపిన పేజీ. రెండింటికీ పోలిక లేదు.

ఇక తేదీ కట్టడం. మొదట వెనక పేజీ ప్రకటనల్లో ధరలు చూడండి. అణాలుంటే 1957కి ముందుది అనుకోవచ్చు, కాకపోతే కొత్త నాణేలొచ్చాక కొన్నాళ్లు రెండు లెక్కలూ కలిసి నడిచాయి. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957 ఏప్రిల్ 1 నుంచి 1964 జూన్ 1 మధ్యది. ఆ తర్వాత "నయా" తీసేసి ఉత్త పైసలే. ప్రకటనదారు చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. "మద్రాసు-17" లాంటి చిన్న నంబరే ఉంటే అంతకు ముందుది కావచ్చు, కానీ పాత అలవాటుతో చాలామంది తర్వాత కూడా అలాగే వేయించారు. కాబట్టి పిన్ ఉండడం సాక్ష్యం, లేకపోవడం సాక్ష్యం కాదు.

మన జిల్లాల వాళ్లకి ఇంకో సౌకర్యం. పాఠకుల ఉత్తరాలు, కలం స్నేహం శీర్షికలు చూడండి. "పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే విజయనగరం జిల్లా ఏర్పడిన 1979 జూన్ 1కి ముందుది. "శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లా" అని ఉంటే 1950 ఆగస్టు 15కి ముందుకి పోవాలి. ఉగాది సంచికైతే సంవత్సరం పేరు ఉంటుంది: దుర్ముఖి అంటే 1956-57, ఆ పేరు మళ్లీ వచ్చింది 2016లోనే, పొరబడే అవకాశం లేదు. సినిమా విడుదల ప్రకటన దొరికితే ఏకంగా నెల తేలిపోతుంది.

ఏడాది దాకా వచ్చాక శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లండి. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో పెట్టినది. అక్కడ కూర్చింది కథల కోసమే అయినా కథలొచ్చిన పాత పత్రికలు ఉంటాయి. మీ బౌండులో సీరియల్ పక్కన ఏ కథ ఉందో పేరు, రచయిత పేరు రాసుకెళితే సంచిక దొరికే దారి అదే. కార్టూన్ పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

ఫాంటమ్ పేజీల సంగతి వేరు. గడి మూలలో చిన్న అంకెలు ఉంటే అవి అమెరికా పద్ధతిలో నెల-రోజు. 4-7 అంటే ఏప్రిల్ 7, జులై 4 కాదు. పక్కన కింగ్ ఫీచర్స్ (ఫాంటమ్‌ని పత్రికలకి సరఫరా చేసే అమెరికా సంస్థ) వారి ఏడాది ఉండొచ్చు. అది అమెరికాలో వచ్చిన తేదీ, మన వీక్లీలో వేసిన తేదీ కాదు. వీక్లీ తేదీ పేజీ అంచులో చూసుకోవాలి. అంకెలు కోసేసి ఉంటే గీత చూడండి: ముందు ఫాంటమ్ గీసిన విల్సన్ మెకాయ్ మనుషులు బిగుసుకుని, బల్లపరుపు నేపథ్యంలో ఉంటారు; 1961లో సై బ్యారీ వచ్చాక కండలు, నీడలు, అడవి అన్నీ నిజంలా మారతాయి.

నాగావళి_నిబ్
బోర్డు బొమ్మల గురించి. 10 ఎక్స్ భూతద్దం, 365 నానోమీటర్ల యూవీ టార్చి, పక్క నుంచి వెలుగు వేసే చిన్న లైటు. ఇంతకు మించి అక్కర్లేదు.

భూతద్దంలో మొదట గీత అంచు చూడండి. నిబ్ గీత మొదట్లో సన్నగా మొదలై ఒత్తిడి పెరిగిన చోట చీలి లావవుతుంది. నలుపు నింపిన చోట కుంచె జాడలు, ఒక పొర మీద ఇంకో పొర కనిపిస్తాయి. గీత కింద పెన్సిల్ ఉండాలి, పూర్తిగా చెరిపినా పక్క వెలుగులో పల్లంగా తెలుస్తుంది. లేత నీలం పెన్సిల్ ఉంటే ఇంకా మంచిది. బ్లాకు (అచ్చు పలక) చేసేటప్పుడు వాడే ఫిల్ముకి నీలం కనపడదు కాబట్టి దాన్ని చెరిపేవాళ్లు కారు. తప్పుల మీద తెల్ల పోస్టర్ రంగు ఉబ్బెత్తుగా ఉంటుంది. ప్రెస్సుకి వెళ్లొచ్చిన బొమ్మకి వెనకో, అంచులోనో ఎర్ర పెన్సిల్‌తో కాలమ్ వెడల్పు, ఎంత తగ్గించాలో శాతం, పేజీ నంబరు, రబ్బరు స్టాంపు ఉంటాయి. నకిలీ చేసేవాళ్లు సంతకం మీద పెట్టే శ్రద్ధ వీటి మీద పెట్టరు. సైజు కూడా గమనించండి: బొమ్మ అచ్చు కంటే ఒకటిన్నర నుంచి రెండింతలు పెద్దది వేసేవారు, తగ్గిస్తే గీత వణుకు కనపడదని. అచ్చయిన సైజులోనే ఉన్న "ఒరిజినల్"ని అనుమానించాలి.

చిన్న చుక్కల జల్లెడ కనపడితే ప్రింటు. నలుపులో కూడా రంగురంగుల తుంపర్లుంటే ఇంక్‌జెట్, అంటే కొత్తది. గీతలో ఉన్న బూడిద రంగు వల మాత్రం వేరే సంగతి. అంటించే చుక్కల ప్లాస్టిక్ షీటు (జిప్‌టోన్ రకం) ఒరిజినల్ మీద కూడా ఉంటుంది, అంచు బ్లేడుతో కోసినట్టు తెలుస్తుంది. అది పాతబడితే కుంచించుకుని జిగురు బయటికి వస్తుంది, వేలితో నొక్కొద్దు.

యూవీ కింద బోర్డు నీలం-తెలుపుగా మెరిస్తే దానిలో తెల్లబరిచే రసాయనం ఉంది. కాగితంలో అది 1950 ప్రాంతం నుంచి వచ్చింది. 1930ల నాటి భారతి పత్రిక బొమ్మ అని చెప్పి మెరిసే బోర్డు అమ్మితే బేరం అక్కడితో ఆపండి. భారతిలో కార్టూన్లు వేసిన తలిశెట్టి రామారావు పుట్టింది పక్కనున్న జయపురంలోనే (ఒడిశా) కాబట్టి ఈ వైపు ఆయన పేరు చెప్పే అమ్మకందారు తగలొచ్చు.

వ.పా. బొమ్మ విషయంలో ఆశ తగ్గించుకోండి. వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళం వారే, మన ఇళ్లలో ఆయన బొమ్మ లేని అటక ఉండదు. కానీ ఎక్కువ భాగం చందమామ, యువ ముఖచిత్రాలు చింపి అట్టకి అంటించినవి. భూతద్దంలో పసుపు, ఎరుపు, నీలం చుక్కలు గులాబీ పువ్వు ఆకారంలో కలిసి ఉంటే ముఖచిత్రమే. నీటిరంగైతే రంగు కాగితపు నారలోకి ఇంకి, ఆరిన అంచు కాస్త ముదురుగా ఉంటుంది.

రాజాం_చిన్నోడు
రెండు బోర్డులకి సెల్లోటేపు ఉంది, గోధుమ రంగు తిరిగిపోనాది. పీకేద్దునా? చిరిగిన పేజీలకి ఫెవికాల్ రాస్తే ఏటవుద్ది?

బౌండుబాబాయ్ (బొబ్బిలి)
టేపు దశ బట్టి. పైపొర ఎండి లేచిపోతూ ఉంటే పల్చటి పేపరు కత్తిని దాదాపు పడుకోబెట్టి పైపొర వరకే తియ్యండి. ఇంకా అంటుకునే ఉంటే లాగొద్దు, కాగితం పైచర్మం వస్తుంది. మిగిలిన జిగురుని ఊరకే రుద్దకుండా క్రేప్ రబ్బరుతో దొర్లించి తియ్యాలి. థిన్నర్, అసిటోన్ జోలికి పోకండి. ఇండియన్ ఇంకు లక్కతో చేసింది కాబట్టి నీళ్లకి తట్టుకుంటుంది గానీ సాల్వెంటుకి కరుగుతుంది. రబ్బరు స్టాంపు, స్కెచ్ పెన్ను సిరాలు ఏవైనా కరిగి పాకిపోతాయి.

ఫెవికాల్ ఎండితే మళ్లీ ఊడదు, గట్టిపడి పక్క కాగితం విరుగుతుంది. మైదా జిగురు ఊడుతుంది గానీ సిల్వర్‌ఫిష్‌కి విందు. మిథైల్ సెల్యులోజ్ (పొడిగా దొరికే జిగురు) వాడండి: 250 మి.లీ. నీటికి 5 గ్రాములు. ముందు మూడో వంతు నీళ్లు బాగా వేడి చేసి పొడి చల్లి కలపాలి, తర్వాత మిగతాది చల్లటి నీళ్లు. తిరగేసి చేస్తే ఉండలు కడుతుంది, రాత్రంతా ఉంచినా కరగదు. చిరుగు మీదకి సన్నటి జపనీస్ టిష్యూ (పొడవు నారల పల్చటి కాగితం) కత్తిరించకుండా చింపి వేయండి, నారలు బయటికి ఉంటేనే పట్టు. పైన సిలికాన్ పేపరు, బరువు, ఒక పూట.

లామినేషన్ గురించి ఎవరూ అడగలేదు, అడగనే వద్దు.

ఉద్దానం_గాలి (పలాస)
దాచడం గురించి నేను చెప్తాను, కోస్తాలో అసలు యుద్ధం అదే. న్యూస్‌ప్రింటు చెక్క గుజ్జుతో చేసింది. అందులో లిగ్నిన్ (చెక్క నారల్ని పట్టి ఉంచే పదార్థం) వెలుతురు, గాలి తగిలి పసుపు తిరిగి ఆమ్లం పుట్టిస్తుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపచేయగలం. ప్రతి పేజీ వెనక క్షారగుణం ఉన్న కాగితం పెట్టాలి. ఇప్పటి జిరాక్సు కాగితాల్లో చాలా రకాలు కాల్షియం కార్బొనేట్‌తో వస్తున్నాయి, పీహెచ్ పెన్నుతో (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పేది) గీసి ఊదా రంగు తిరిగితే వాడండి. రెండూ కలిపి పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లో, రెండు వైపులా తెరిచి. నాలుగు వైపులా మూస్తే ఆమ్లం లోపలే తిరుగుతుంది. బజార్లో దొరికే వాసనొచ్చే మెత్తటి ఫోల్డర్లు పీవీసీ. అచ్చు సిరా దానికి అంటుకుని వచ్చేస్తుంది.

గదిలో తేమ 65 శాతం దాటితే బూజుకి దారి ఇచ్చినట్టే, మనకి జూన్ నుంచి నవంబరు దాకా అంతకన్నా తగ్గే రోజు తక్కువ. ఇనప బీరువా మంచిది, చెక్క అలమర నుంచి కూడా ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. అడుగు అర నేల నుంచి 6 అంగుళాలు ఎత్తు, గోడకి 3 అంగుళాల దూరం. లోపల 50 లీటర్ల మూతడబ్బాకి అర కిలో సిలికా జెల్, నారింజ నుంచి ఆకుపచ్చకి మారే రకం. 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

పాతకాయితం (శ్రీకాకుళం)
ఇక్కడ నాది వేరే మాట. మూతడబ్బా వానాకాలంలో సర్దితే తేమని లోపల బంధించినట్టు అవుతుంది. కాగితం తన బరువులో 6-8 శాతం నీళ్లు పట్టుకుని ఉంటుంది. 20 కిలోల కట్టలో కిలో పైన నీళ్లున్నాయంటే అర కిలో జెల్ ఏం చేస్తుంది? ఫిబ్రవరి, మార్చిలో పొడి రోజు చూసి సర్దండి, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు పెట్టండి. ఇప్పుడైతే డబ్బా వద్దు, బీరువాలో గాలి ఆడేటట్టు పెట్టి నెలకోసారి తెరిచి చూసుకోవడం మేలు.

ఉద్దానం_గాలి (పలాస)
ఆ లెక్క సరే. కాని తుపాను సీజనులో డబ్బా ఉండాల్సిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కప్పు ఎగిరిన ఇళ్లలో అలమరలు ఏమయ్యాయో ఈ వైపు అందరికీ తెలుసు. సెప్టెంబరు నెలాఖరులో ఒరిజినల్స్ వరకైనా డబ్బాలోకి మార్చండి.

తడిస్తే 48 గంటల్లో బూజు. ఒకేసారి అన్నీ విప్పలేనప్పుడు నాలుగైదు సంచికలు చొప్పున పాలిథిన్ కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్లో పడేయండి, తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని ఆరబెట్టుకోవచ్చు. మెరిసే ఆర్టు పేపరు ముఖచిత్రాలు మాత్రం ఆగవు, తడిగా ఉండగానే విడదీయాలి. ఒకసారి అతుక్కుని ఆరితే ఇటుకే. ఎండలో పెట్టకండి, ఫ్యాను గాలి చాలు.

పురుగుకి కూడా ఫ్రీజరే. గాలి తీసి రెండు కవర్లలో కట్టి, మైనస్ 18 దగ్గర 2 వారాలు. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పడతాయి. నాఫ్తలీన్ ఉండలు ప్లాస్టిక్ కవర్లని మెత్తబరుస్తాయి. వేపాకు పెట్టేవాళ్లు పూర్తిగా ఎండినది, గుడ్డలో కట్టి పెట్టండి, పచ్చిది తేమే.

నాగావళి_నిబ్
స్కాన్ ముందే చేసి పెట్టుకోండి. ఒరిజినల్స్ 600 డీపీఐ, రంగులో, టిఫ్ ఫైలు. నలుపు-తెలుపు మోడ్‌లో తీస్తే నీలం పెన్సిల్, తెల్ల రంగు, అంటే సాక్ష్యమంతా పోతుంది. అచ్చు పేజీలకి 400 చాలు, వెనక నల్ల కాగితం పెడితే అటు వైపు అక్షరాలు తేలవు.

వాటిని బయట పెట్టే ముందు: బొమ్మ కొన్నంత మాత్రాన అచ్చు వేసుకునే హక్కు రాదు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1947లో పోయిన తలిశెట్టివి 2008 నుంచి అందరివీ. 2014లో పోయిన బాపుగారివి 2074 చివరి దాకా కావు. ఒరిజినల్ బొమ్మని 10,000 రూపాయలు దాటి తిరిగి అమ్మితే చిత్రకారుడికో, వారసులకో వాటా అడిగే హక్కు కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్లో ఉంది. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలీదు.

గంటస్తంభం (విజయనగరం)
భూతద్దంతో చూశాను. రంగుల బొమ్మ చుక్కలే, ముఖచిత్రం. నాలుగు బోర్డుల్లో మూడింటికి నీలం పెన్సిల్, తెల్ల రంగు, వెనక శాతాలు ఉన్నాయి. నాలుగోది నున్నగా, మెరుస్తూ, గీతలన్నీ ఒకే నలుపు, పెన్సిల్ లేదు. అంచులు గోధుమ రంగు తిరిగాయి.

నాగావళి_నిబ్
నాలుగోది బ్రోమైడ్. ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేజీ అంటించడానికి ఫొటో కాగితం మీద తీసిన కాపీ. ఒరిజినల్ కాదు, పారేసేదీ కాదు: పేజీ కట్టిన సైజు దాని మీదే తెలుస్తుంది. హైపో (ఫొటోని నిలబెట్టే రసాయనం) సరిగ్గా కడగక అంచులు అలా తిరుగుతాయి, ఆ మచ్చ పక్క కాగితానికి కూడా పాకుతుంది. మిగతా మూడింటితో కలపకుండా దాన్ని వేరే కవర్లో పెట్టి, కవరు మీద "బ్రోమైడ్" అని రాసి ఉంచండి.