ఈ వారం సమస్య: చచ్చినట్టి రాజు సంద్ర మేలె!

అడ్మిన్: ఆటవెలది చివరి పాదం ఇది. వస్తువు కొరియాలోని పాతకాలపు రాజ్యం సిల్లా రాజు మున్ము (పాలన 661–681). 668లో పొరుగు రాజ్యం గోగుర్యోని పడగొట్టాడు, ఆ యుద్ధంలో తోడొచ్చిన చైనా తాంగ్ వంశపు సేనలు కొరియాలోనే తిష్ఠ వేస్తే 676 కల్లా వాళ్ళనీ తరిమేశాడు. పోతూ పోతూ గుట్టలాంటి సమాధి వద్దన్నాడు. ఇక కానివ్వండి.

పూరణ 1:
సిల్ల నేలు మున్ము చితినిఁ గాల్చుఁ డనియె
తూర్పు కడలి రాళ్ళ దొన్నె లోన
నాగ మగుచు నేల నారయుదు నటంచు
చచ్చినట్టి రాజు సంద్ర మేలె!
(సిల్లా దీర్ఘం గణాల కోసం తీసేశాను, మన్నించాలి.)

స్పందన: దీర్ఘం పోతే పోయింది అన్నయ్యా, నేను 'రాళ్ళ దొన్నె' దగ్గరే ఆగిపోయాను. సిల్లా రాజధాని గ్యోంగ్జు తీరానికి కాస్త ఎడంగా, ఆయన సమాధి అని చెప్పే ఆ రాతిదిబ్బ నడుమ నిజంగానే దొన్నెలాంటి నీటిగుంట, నాలుగు వైపులా కాలువలు, అలలు వచ్చిపోతుంటే మధ్యలో నీళ్ళలో మునిగిన పెద్ద పలకబండ. 'నాగము' కూడా సరైన మాటే, చైనా బౌద్ధ అనువాదకులు మన నాగుల్నే డ్రాగన్లుగా రాసుకున్నారు.

మరో సభ్యుడు: అంతటి రాజుని 'చచ్చినట్టి' అనడం ఏం బాగుందండీ?

అడ్మిన్: కావాలనే పెట్టాను. ఆయన వీలునామాలో ఏముందంటే, ఎంత గొప్పవాడైనా చివరికి మట్టిదిబ్బే, దానిమీద పశులకాపర్లు పాడుకుంటారు, పక్కన నక్కలూ కుందేళ్ళూ బొరియలు చేసుకుంటాయి, దానికోసం డబ్బు తగలేసి జనాన్ని కష్టపెట్టొద్దు, పోయిన 10 రోజులకి పడమటి దేశం పద్ధతిలో కాల్చేయండి అని. పడమటి దేశమంటే మనదే! తన చావు గురించి ఇంత సూటిగా మాట్లాడినవాడికి 'దివంగత' అతకదు.

పూరణ 2:
గుడిని గట్టి కొడుకు కొలువు దీరెడి చోట
నేల లోన దారి నిలిపి యుంచె
అలల మీద వచ్చు నాగరాజు కొఱకు
చచ్చినట్టి రాజు సంద్ర మేలె!
(కొడుకు సిన్మున్ 682లో పూర్తిచేసిన గామున్సా గుడి. నాగరూపంలో తండ్రి వచ్చిపోవడానికి మందిరం నేల కింద తూర్పుగా దారి వదిలాడని కథ. ఇప్పుడక్కడ రెండు రాతి పగోడాలు నిలిచి ఉన్నాయి.)

స్పందన: భావం చాలా బాగుంది అక్కా, కానీ మూడో పాదంలో యతి తప్పింది, 'అ'కి 'నా' చెల్లదు. కింద రాజు ఉండగా ఇక్కడ మళ్ళీ రాజెందుకు? 'వచ్చు నయ్య కొఱకు నంట' అని చూడండి, వచ్చు+అయ్య కాబట్టి స్వరయతి కుదురుతుంది, గణాలూ చెడవు.

పూరణ 2 రాసిన సభ్యురాలు: మార్చేశాను తమ్ముడూ.
అలల మీద వచ్చు నయ్య కొఱకు నంట
నాగరాజు కాస్తా నాన్నయిపోయాడు!