గట్టి కలప తక్కువ ఖర్చులో దొరకాలంటే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సెలవు రోజుల్లో ఇంట్లోనే చెక్క పని నేర్చుకుంటున్నాను. చేతి రంపం, చిత్రిక, ఉలులు, కొన్ని క్లాంపులు ఉన్నాయి. ఇంతవరకు ప్లైవుడ్‌తోనే అరలు, పెట్టెలు చేశాను. ఇప్పుడు గట్టి కలపతో ఒక చిన్న బల్ల, రెండు స్టూళ్లు చేయాలని ఉంది. అడితికి వెళ్లి టేకు రేటు అడిగితే గుండె గుభేలుమంది. పైగా వాళ్లు ఘనపు అడుగుల్లో లెక్క చెబుతుంటే నాకు సగం కూడా అర్థం కాలేదు. తక్కువలో కలప ఎక్కడ దొరుకుతుంది? తీసుకునేటప్పుడు ఏం చూడాలి? పాత చెక్క కొనొచ్చా?

జవాబు:
అడితికి మళ్లీ వెళ్లే ముందు ఒక పని చేయండి. మీ బల్లకు, స్టూళ్లకు ఏ ముక్కలు ఎన్ని కావాలో, ఒక్కోదాని పొడవు, వెడల్పు, మందం ఎంతో కాగితం మీద రాయండి. రాశాక చూస్తే, బల్ల కాళ్లు రెండున్నర అడుగులకు మించవు. స్టూలు ముక్కలు ఒకటిన్నర అడుగు దాటవు. పైపలక ఒక్కటే కాస్త పెద్దది, అదీ నాలుగైదు పలకలు అంచుకు అంచు అతికించి చేసేదే. అంటే మీకు ఎనిమిది అడుగుల నిలువు పలక ఒక్కటి కూడా అక్కర్లేదు.

కలప ధర పొడవును బట్టి, వెడల్పును బట్టి, మచ్చ లేకపోవడాన్ని బట్టి పెరుగుతుంది. ఆ మూడూ మీకు అవసరం లేనప్పుడు వాటికి డబ్బు ఎందుకు కట్టాలి? అందుకే కోత మిల్లుల్లో, తలుపులు కిటికీలు చేసే వర్క్‌షాపుల్లో మిగిలిపోయే పొట్టి ముక్కలు అడగండి. రెండు మూడు అడుగుల ముక్కలు వాళ్లకు పెద్ద పనికి రావు, చోటు ఆక్రమిస్తాయి. చాలాచోట్ల తక్కువకే ఇచ్చేస్తారు. ఫోన్ చేసి అడిగితే "లేవండీ" అనడం మామూలే. కాగితం పట్టుకుని స్వయంగా వెళ్లండి, ఏ కొలత కావాలో చూపిస్తే మనుషులు శ్రద్ధగా వెతికి పెడతారు.

ఇక ఘనపు అడుగుల లెక్క. పొడవు, వెడల్పు, మందం మూడూ అంగుళాల్లోకి మార్చి గుణించి, 1728తో భాగించండి. ఉదాహరణకు 6 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న పలక: 72 × 6 × 1.5 = 648. దాన్ని 1728తో భాగిస్తే 0.375 ఘనపు అడుగు. కొన్నిచోట్ల బోర్డ్ ఫుట్‌ లెక్కన అమ్ముతారు, అది 144 ఘనపు అంగుళాలు. ఇదే పలక 4.5 బోర్డ్ ఫుట్‌లు అవుతుంది. పన్నెండు బోర్డ్ ఫుట్‌లు ఒక ఘనపు అడుగు.

కొలత కోసినప్పటి గరుకు మందం మీద వేస్తారని గుర్తుంచుకోండి. అంగుళం పలకను రెండు వైపులా చిత్రిక పడితే చివరికి ముప్పావు అంగుళం మిగులుతుంది. తరుగు కోసం మీ లెక్కకు 20 నుంచి 30 శాతం కలుపుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, ఈ లెక్క ఇంత తేలికని తెలియదు. పొట్టి ముక్కలు ఒకచోట చూశాను కానీ కొన్ని వంకరగా ఉన్నాయి. పక్కన తక్కువ రేటుకు ఆరడుగుల పలకలు కూడా ఉన్నాయి, అవీ వంకరే. వదిలేయనా?

జవాబు:
ఏ రకం వంకరో చూడండి. పలక పొడవునా విల్లులా ఒకే తీరుగా వంగి ఉంటే భయం లేదు. ఆరడుగుల పలక మధ్యలో 12 మిల్లీమీటర్లు వంగి ఉందనుకోండి. దాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో వంపు నాలుగు మిల్లీమీటర్లు కాదు, సుమారు 1.3 మిల్లీమీటర్లే. పొడవు మూడో వంతైతే వంపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అది చిత్రికతో తేలిగ్గా పోతుంది. పొడవాటి పని చేసేవాళ్లు పక్కన పడేసిన పలక మీలాంటివారికి చవకగా దొరికే మంచి కలప. అయితే ముందు పొట్టిగా కోసి, తర్వాతే చిత్రిక పట్టండి. వరుస మారితే సగం మందం పొట్టు కిందే పోతుంది.

మెలి తిరిగిన పలక మాత్రం వద్దు. నాలుగు మూలలూ నేలకు ఆనకుండా ఒక మూల లేచి ఉంటే అదే మెలి. కొన చీలి ఉంటే, బీట ఎక్కడివరకు వెళ్లిందో చూసి ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయమని అడగండి.

ముడులకు భయపడకండి. గట్టిగా పట్టుకుని ఉన్న చిన్న ముడి బల్ల మీద అందంగా కూడా ఉంటుంది. చుట్టూ నల్లగా ఉండి వదులైన ముడి ఊడిపోతుంది, దాన్ని తప్పించి కోయండి. అమెరికాలో గట్టి కలపకు వాడే గ్రేడింగ్‌లో పై తరగతి పలకలో 83 శాతానికి పైగా మచ్చలేని చెక్క రావాలి. నంబర్ 1 కామన్ అనే తరగతిలో మూడింట రెండు వంతులు వస్తే చాలు. చెట్టు ఒకటే, చెక్క గట్టిదనం ఒకటే, తేడా మచ్చలేని ముక్కల సైజులోనే. చిన్న పనులకు ఈ కింది తరగతే సరైన బేరం. ఎక్కడ కొన్నా ఇదే తీరుగా ఆలోచించండి: పలకలో మీకు పనికొచ్చే భాగం ఎంతో చూసి, దాని మీద రేటు కట్టుకోండి. రేటు నాలుగో వంతు తక్కువని తీసుకున్న పలకలో సగం పారేయాల్సి వస్తే అది ఖరీదైన కలపే.

మరో సభ్యుడు:
అన్నిటికంటే ముందు చెక్క ఆరిందో లేదో చూడమని చెప్పండి గురువుగారూ. చవకగా వచ్చే కలపలో చాలావరకు పచ్చిదే.

జవాబు:
నిజం, ఇది మొదటే చెప్పాల్సింది కాదూ అనిపించేంత ముఖ్యమైన విషయం. కలపలో తడి సుమారు 30 శాతం కంటే కిందికి దిగినప్పటి నుంచి చెక్క కుంచించుకుపోవడం మొదలవుతుంది. ఇంట్లో వాడే సామానుకు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే మంచిది, చలికాలం హీటర్లు వేసే ఇళ్లలో ఇంకాస్త తక్కువ. పచ్చి చెక్కతో బల్ల చేస్తే కీళ్లు వదులవుతాయి, పైపలక చీలుతుంది. జాతి ఏదైనా ఫరవాలేదు కానీ ఆరని చెక్క వద్దు.

తడి కొలిచే మీటరు లేకపోతే ఒక చిన్న ముక్కను వంటింటి తూకం మీద తూచి, అదే ముక్కను వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే మీ ఇంటి గాలికి సరిపోయినట్టు. కచ్చితమైన అంకె కావాలంటే, ముక్కను ఓవెన్‌లో సుమారు 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలిచేదాకా ఆరబెట్టాలి. పోయిన తడిని ఆరిన బరువుతో భాగిస్తారు: 115 గ్రాముల ముక్క 100 గ్రాముల దగ్గర ఆగితే తడి 15 శాతం.

ఇంకో సభ్యురాలు:
పాత చెక్క గురించి నేను చెబుతాను. పాత తలుపులు, గుమ్మాలు, మంచాలు, దూలాలు విప్పేసినప్పుడు దొరికే చెక్క చాలాసార్లు కొత్తదాని కంటే బాగుంటుంది. ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, చేవ ఎక్కువ. అయితే మేకులు ఉంటాయి. మాగ్నెట్‌తో అంగుళం అంగుళం వెతికి తీశాకే రంపం పెట్టండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడిగా సాండ్ చేయొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఏ రంగో తెలియకపోతే ఆ ముక్క వదిలేయడమే నయం.

తారు వాసన వచ్చే పాత రైలు స్లీపర్లు ఇంట్లోకి తేవద్దు, వాటికి క్రియోసోట్ అనే విషపూరితమైన తారు నూనె పట్టించి ఉంటుంది. సరుకు రవాణా ప్యాలెట్ల మీద ముద్ర చూడండి. హెచ్‌టీ (HT) అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచుతారు. ఎంబీ (MB) అంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగులను చంపే విషవాయువు పట్టించినది, అది వద్దు. ముద్ర మంచిదైనా, మరక చూసి ఏదో రసాయనం ఒలికిందనిపిస్తే తీసుకోకండి.

సన్నటి రంధ్రాలు ఉంటే చెక్కను తట్టి చూడండి. పౌడర్‌లాంటి మెత్తటి పొట్టు రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. అలాంటి ముక్క మీ ఇంట్లో మిగతా చెక్కకూ పురుగు అంటించొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
టేకే కావాలని పట్టుదల లేదు. వేరే ఏ కలప తీసుకోవచ్చు? ఇంకో సంగతి, తెలిసినవారి పెరట్లో మామిడి చెట్టు గాలికి పడిపోయింది. చుట్టుకొలత నాలుగు అడుగులు, ఎనిమిది అడుగుల నిటారు మొదలు ఉంది, తీసుకెళ్లమంటున్నారు.

జవాబు:
ఇంట్లోపలి బల్లకు టేకు అక్కర్లేదు. టేకు గొప్పతనం తడికి, చెదకు తట్టుకోవడంలో ఉంది, అదీ చేవ భాగానికే, బయటి తెల్ల చెక్కకు కాదు. రబ్బరు చెక్క లేత రంగులో, పనికి అనువుగా ఉంటుంది. పురుగు పట్టకుండా మందు పట్టించినది తీసుకోండి, ఆరుబయట పెట్టకండి. తుమ్మ చాలా గట్టిది, ఉలి తరచూ సానబెట్టాలి. వేపకు పురుగు భయం తక్కువ, కానీ నార అడ్డదిడ్డంగా ఉండి చిత్రికకు లేచిపోతుంది. సొరుగుల పక్కలు, వెనక చెక్కలు లాంటి కనబడని చోట్ల ఏ చవక కలపైనా చాలు. కాగితాలు లేకుండా చవకగా ఇస్తామనే రోజ్‌వుడ్ జోలికి పోకండి. ఆ జాతి చెట్ల అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద నియంత్రణ ఉంది.

మామిడి దుంగ మంచి అవకాశం. ముందు నరకడానికి, తరలించడానికి అక్కడ అనుమతి కావాలేమో కనుక్కోండి. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించే పాత లెక్క ప్రకారం అది 8 ఘనపు అడుగులు. నిజంగా దుంగలో ఉన్నది 10 పైచిలుకు. బయటి చెక్కలు, రంపపు పొట్టు పోతాయని ఆ లెక్క ముందే తగ్గించి చూపిస్తుంది. మామిడికి బూజు, పురుగు త్వరగా పడతాయి కాబట్టి వారాలు ఆగకుండా మిల్లుకు చేర్చండి. కొనలకు వెంటనే పెయింట్ పూయండి, లేదంటే అక్కడి నుంచే తడి పోయి బీటలు వస్తాయి.

పలకలు నీడలో, నేలకు ఎత్తుగా పేర్చండి. మధ్య మధ్య ముప్పావు అంగుళం మందం బద్దెలు ఒకటిన్నర, రెండు అడుగుల దూరంలో ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా పెట్టి, పైన బరువు ఉంచండి. గాలికి ఆరాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది అనుకోండి. దుంగ నట్టనడుమ బెండు ఉన్న పలక ఎలాగూ చీలుతుంది, దాన్ని పక్కన పెట్టండి.

కాళ్ల కోసం రెండు అంగుళాల మందం కోయించకండి, ఆరడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. అన్నీ అంగుళంపావు కోయించి, ఆరాక రెండేసి జిగురుతో అతికించి క్లాంపులు బిగిస్తే చక్కటి కాళ్లవుతాయి. ఈలోగా స్టూళ్లు ఆరిన పొట్టి ముక్కలతో మొదలుపెట్టండి. మీ ముక్కల జాబితా ఇక్కడ పెడితే ఏ పలకలోంచి ఏది కోయాలో కలిసి లెక్కవేద్దాం.